తమకు తామే గురువులు

చండామార్కులు ఇంటిపనుల మీద బయటకు పోయిన వేళ ప్రహ్లాదుడు తోటి బాలురను చుట్టూ కూర్చోబెట్టుకొని తాను తెలుసుకొన్నది వారికి చెప్పినాడని భాగవతంలో ఉన్నది. ఆ ఘట్టంలో మనం భక్తిని చూస్తాము, బడిని చూడము. గురువులు ఎదుట ఉన్నంతసేపు వల్లెవేసిన పాఠం ఒకటి. వారు లేనప్పుడు పిల్లలు తమలో తాము చెప్పుకొన్న పాఠం మరొకటి. మనసున నిలిచినది రెండవదే. పురాణకథను చరిత్రకు సాక్ష్యంగా తీసుకోరాదు గాని, పిల్లలు పిల్లలవలన నేర్చుకొనడం మన దేశంలో కొత్త సంగతి కాదని చెప్పడానికి ఇంతకంటె పరిచితమైన కథ దొరకదు.

మందమర్రి నుండి ఒక శ్రోత, బొగ్గుబాయిలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న పెద్దమనిషి, కొంతకాలం క్రిందట మా కేంద్రానికి ఒక ఉత్తరం వ్రాసినారు. తమ మనుమడు, ఇరుగుపొరుగు పిల్లలు మరి ముగ్గురు, ఒక్క ఫోను చుట్టూ చేరి గంటల తరబడి ఏదో చూస్తూ, వాదించుకొంటూ ఉంటారట. అది చదువో కాలక్షేపమో తమకు తెలియడం లేదనీ, మాన్పించవలెనా ఊరకుండవలెనా చెప్పవలసినదనీ అడిగినారు. ప్రశ్న చిన్నది. దాని వెనుక ఉన్న చరిత్ర రెండువందల ఏండ్లకు మించినది. అందులో మన బళ్ళారి ఉన్నది, మద్రాసు ఉన్నది, హైదరాబాదు పాతబస్తీ ఉన్నది. చిత్రమేమనగా, ఇంగ్లండులోని ఒక బొగ్గుబాయి ఊరు కూడ, ఒకసారి కాదు, రెండుసార్లు ఉన్నది.

మొదట మద్రాసు సంగతి. 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశీయుడైన మతాచార్యుడు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర శరణాలయానికి అధికారిగా చేరినాడు. ఒకనాడు దారిలో ఒక నాటు బడి ఆయన కంటబడినది. పిల్లలు నేలమీద ఇసుక పరచుకొని వ్రేళ్ళతో అక్షరాలు దిద్దుతున్నారు. పలక లేదు, కాగితం లేదు, ఖర్చు లేదు. తన బడికి తిరిగివచ్చి ఉపాధ్యాయులను అట్లాగే నేర్పుమన్నాడు. వారు సమ్మతింపలేదు. అప్పుడాయన ఎనిమిదేండ్ల బాలుడొకనిని పిలిచి, చిన్నవారిచేత ఇసుకలో అక్షరాలు దిద్దించే పని వానికి అప్పగించినాడు. పెద్దలు చేయమన్న పనిని పిల్లవాడు చేసి చూపినాడు. క్రమంగా ఆ బడి అంతా అదే పద్ధతికి తిరిగినది. 1797లో బెల్ లండనులో దానిని గురించి పుస్తకం ప్రకటించినాడు. 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో ఇంగ్లండులో పేదపిల్లల బడులు వేలకొలదిగా వెలసినవి.

ఇది బెల్ గొప్పతనమా, ఆయన చూచిన బడిపంతుళ్ళ గొప్పతనమా అనే ప్రశ్నకు జవాబు మన తెలుగువారికి బాగా తెలిసిన ఒక అధికారి వ్రాతలోనే ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ప్రతి జిల్లాలోని బడుల లెక్క పంపవలసినదిగా కలెక్టర్లకు ఉత్తరువు ఇచ్చినాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో జవాబు వ్రాసినాడు. తెలుగు వ్యాకరణం, తెలుగు నిఘంటువు రచించిన కాంబెల్ ఈయనే. ఆ జిల్లాలో ఆనాడు 533 బడులు ఉండగా వాటిలో 226 తెలుగు బడులు. ముందు చదివిన పిల్లలచేత వెనుకటి పిల్లలకు చెప్పించే పద్ధతి ఈ బడులలో ఉన్నదనీ, అది మెచ్చదగినదనీ, ఇంగ్లండు దానిని అనుకరించడం ఉచితమే అనీ ఆయన ఒప్పుకొన్నాడు. అదే నివేదికలో మరొక మాట కూడ ఉన్నది. సుమారు పదిలక్షల జనం గల జిల్లాలో బడికి పోయే పిల్లలు 7,000 మంది కూడ లేరు. దీనికి కారణం దేశం పేదదైపోవడమే అని కంపెనీ ఉద్యోగి అయిన ఆ కలెక్టరే వ్రాసినాడు. సీమగుడ్డలు వచ్చి ఇక్కడి మగ్గాలు ఆగిన రోజులవి. పద్ధతి సీమకు ఎగుమతి అయినది. పద్ధతిని కాపాడుకొన్న బడులు ఇక్కడ మూతపడుతున్నవి.

సీమలో ఆ పద్ధతికి ఏమి జరిగినదో రెండు మాటలలో చెప్పవచ్చును. ఒక మాస్టరు, వందలమంది పిల్లలు, మధ్య పెద్దపిల్లల పటాలం. వరుసలు, ఈలలు, ఆజ్ఞలు. పిల్లవాడు పిల్లవానికి చెప్పే చోట పిల్లవాడు చిన్న జమాదారు అయినాడు. కొన్ని దశాబ్దాలకు దానిని వదలివేసినారు. పిల్లల చేత చెప్పించడం, పిల్లలు తమలో తాము చెప్పుకొనడం ఒకటి కావని అప్పుడే తెలియవలసినది.

ఇక బొగ్గు ఊరు. ఇంగ్లండు ఉత్తరభాగంలో, న్యూకాసిల్ నగరానికి దగ్గరగా కిల్లింగ్‌వర్తు అనే గ్రామం ఉన్నది. అక్కడి బొగ్గుబాయిలో పనిచేసిన జార్జి స్టీఫెన్‌సన్ పేరు మీరు రైలింజను కథలో విని ఉంటారు. 1781లో పుట్టినాడు. తండ్రి బాయి నుండి నీరు తోడే యంత్రానికి నిప్పు వేసే కూలి. పద్ధెనిమిదవ ఏట వరకు జార్జికి సంతకం చేయడం రాదు. పగలు పని చేసి, రాత్రిబడికి తన కూలిలో నుండి డబ్బు కట్టి చదవడం, వ్రాయడం నేర్చుకొన్నాడు. అంతవరకు ఇది పట్టుదల గల యువకుని కథ. ఇటువంటివి మన బొగ్గుగనుల ప్రాంతంలో కూడ ఉన్నవి. నాకు ముఖ్యంగా కనిపించేది దాని తరువాతి భాగం. ఆయన కొడుకు రాబర్టు న్యూకాసిల్‌లోని బడికి గాడిదనెక్కి పోయి వచ్చేవాడు. అక్కడి విద్వత్సంఘం గ్రంథాలయంలో చదివినది సాయంకాలం ఇంట్లో తండ్రికి చెప్పేవాడు. తేదగిన పుస్తకం తెచ్చేవాడు, తేరాని పుస్తకంలోని పటాన్ని గీసుకొని వచ్చేవాడు. పండ్రెండు, పదమూడేండ్ల కొడుకు చదువుతూ ఉండగా, యంత్రం పని చేతులతో ఎరిగిన తండ్రి అడుగుతూ ఉండగా ఇద్దరూ నేర్చినారు. 1816లో ఆ తండ్రికొడుకులు కలిసి ఖగోళశాస్త్ర గ్రంథం చూచి, తమ ఊరి అక్షాంశం లెక్కకట్టి, ఎండగడియారం ఒకటి చెక్కి ఇంటి గుమ్మంపైన నిలిపినారు. ఆ గడియారం ఇప్పటికీ ఆ ఇంటి గోడమీద ఉన్నది.

దీనికి ఒక సంవత్సరం ముందే, 1815లో, బాయిలో పేలుడు వాయువు అంటుకొనకుండ వెలుగు ఇచ్చే దీపాన్ని స్టీఫెన్‌సన్ తయారుచేసి, కిల్లింగ్‌వర్తు బాయిలోకి తానే తీసుకొనిపోయి పరీక్షించినాడు. లండనులో పండితుడైన సర్ హంఫ్రీ డేవీ అదే సమయంలో వేరొక విధంగా అటువంటి దీపమే కనిపెట్టినాడు. చదువుకోని బాయి మనిషి ఇట్టి దీపం చేయగలడా, దొంగిలించి ఉంటాడని పండితలోకం చాలాకాలం నమ్మినది. చివరకు విచారణలో స్టీఫెన్‌సన్ మాటే నిజమని తేలినది.

కిల్లింగ్‌వర్తును ఇక్కడ ఉంచి, ఢిల్లీకి పోదాము. 1999 జనవరి 26వ తేదీ. కాల్కాజీలో ఎన్.ఐ.ఐ.టి. అనే కంప్యూటరు శిక్షణ కంపెనీ ఆఫీసు. దాని ప్రహరీగోడకు ఆవలిప్రక్క గుడిసెల పేట. కంపెనీలో ప్రధాన శాస్త్రజ్ఞుడుగా ఉన్న సుగత మిత్ర అనే భౌతికశాస్త్ర పండితుడు ఆ గోడకు కన్నము కొట్టించి, అందులో ఇంటర్నెట్టుతో కలిపిన కంప్యూటరు ఒకటి అమర్పించినాడు. దాని తెర గుడిసెల వైపుకు తిరిగి ఉన్నది. ఉపాధ్యాయుడు లేడు, కాపలావాడు లేడు, ఇది ఏమిటో చెప్పేవాడు లేడు. పిల్లలు వచ్చినారు. ముట్టుకొన్నారు. కొద్దిరోజులలోనే తెరమీద తిరగడం, బొమ్మలు గీయడం, పాటలు వెదకడం నేర్చుకొన్నారు. వారికి ఆ వస్తువుల ఇంగ్లీషు పేర్లు తెలియవు. తామే పేర్లు పెట్టినారు. తెరమీద కదిలే బాణపు గుర్తు వారికి 'సూయీ', అనగా సూది. పని జరిగేవరకు ఆగుమని చెప్పే ఇసుకగడియారపు గుర్తు వారికి 'డమరూ', అనగా శివుని చేతి డమరుకం. పాఠ్యపుస్తకం వ్రాసేవారి కమిటీ ఒకటి ఆరునెలలు కూర్చున్నా ఇంత మంచి మాటలు తేలేదని నా విశ్వాసం.

ఇక్కడ గమనించవలసినది కంప్యూటరు కాదు. దాని ముందు నిలబడిన గుంపు. ఒక పిల్లవాడు మీటలు నొక్కుతాడు. ముగ్గురు ప్రక్కన నిలిచి 'అది కాదు, ఇది' అని సలహాలు చెప్పుతారు. వారి వెనుక పది పదిహేనుమంది, తెర సరిగా కనబడకపోయినా, మెడలు చాచి తామూ సలహా ఇస్తారు. తరచుగా తప్పు సలహా. కాని పరీక్షించి చూస్తే మీటలు నొక్కినవానితో పాటు సలహా చెప్పినవారికి, మెడలు చాచినవారికి కూడ విషయం తెలిసినదని మిత్ర చెప్పినాడు. ఒక యంత్రం ఒక పిల్లవానిది కాకపోవడమే అక్కడి రహస్యం. అదే సంవత్సరం మధ్యప్రదేశ్‌లోని శివపురిలో, 2000లో ఉత్తరప్రదేశ్‌లోని మదన్‌తూసి గ్రామంలో ఇట్లాగే చేసినారు. పిమ్మట దేశంలో మరికొన్ని చోట్ల ఇట్టి గోడలు వెలసినవి. దౌత్యోద్యోగి వికాస్ స్వరూప్ 2005లో ప్రకటించిన నవలకు ఈ ప్రయోగమే ప్రేరణ అని చెప్పినారు. ఆ నవలయే 2008లో 'స్లమ్‌డాగ్ మిలియనేర్' అనే సినిమాగా వచ్చినది.

ఇప్పుడు హైదరాబాదు. పాతబస్తీలో, చిన్న ఫీజులు తీసుకొని పేదవారి పిల్లలకు ఇంగ్లీషులో చదువు చెప్పే ప్రైవేటు బడులు చాలా ఉన్నవి. న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ టూలీ అనే పరిశోధకుడు అప్పటికే ఆ బడులను గురించి పరిశోధిస్తున్నాడు. మిత్ర, టూలీ, మరి ఇద్దరు కలిసి అట్టి బడి ఒకదానిలో చేసిన ప్రయోగం 2003లో అచ్చయినది. పండ్రెండు నుండి పదహారు ఏండ్ల వయస్సు గల పదహారుమంది పిల్లలు. వారి ఇంగ్లీషులో మన ప్రాంతపు యాస గట్టిగా ఉన్నది. నోటిమాటను విని అక్షరాలుగా వ్రాసే కంప్యూటరు ఒకటి వారికి ఇచ్చినారు. పిల్లలు ఒక వాక్యం పలికితే యంత్రం వేరొక అర్థంలేని వాక్యం వ్రాసినది. ఇది మా మాట వినడం లేదని పిల్లలు అన్నారు. వినేటట్లు మీరే పలకండి అని మిత్ర అన్నాడు. ఎట్లా అని వారు అడిగితే, తనకు తెలియదని చెప్పి వెళ్ళిపోయినాడు. వారికి తోడుగా కొన్ని ఇంగ్లీషు సినిమాలు మాత్రం ఉంచినారు. పిల్లలు చిన్న చిన్న జట్లుగా చేరి, ఒకరు పలికితే మరొకరు దిద్దుతూ కొన్ని నెలలు సాధన చేసినారు. చివరకు యంత్రానికి వారి మాట మునుపటికంటె చాల ఎక్కువగా అర్థమైనది. మనుష్యులు విని మార్కులు వేసినప్పుడు కూడ అభివృద్ధి కనిపించినది.

మైక్రోఫోను ముందు జీవితం గడిపేవాడిని గనుక ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మేము కూడ మా ఉచ్చారణను ఒక యంత్రం ముందే దిద్దుకొంటాము. టేపు మీద తన గొంతు తాను మొదటిసారి విన్న అనౌన్సరు ముఖం చూడవలసినదే! కాని ఒక ప్రాంతపు యాస దిద్దవలసిన దోషం అనే భావం నాకు నచ్చదు. కరీంనగరం, ఆదిలాబాదు యాసలను ఎగతాళి చేసిన కాలం మన తెలుగులోనే ఉన్నది. ఆ గాయాలు పూర్తిగా మానలేదు. ఆ పిల్లలు ఒక విదేశీ యంత్రానికి తగినట్లుగా తమ నోరు మార్చుకొన్నారు. యంత్రం వారి నోటికి తగినట్లుగా మారవలెనని ఆనాడు ఎవరూ అడగలేదు. ఐనా, నేర్పేవారు లేకుండ, ఒకరి చెవి మరొకరికి గురువుగా, వారు సాధించినది సాధించినదే.

తరువాతి మెట్టు 2007. దక్షిణ భారతదేశపు తీరంలో, సునామీ దెబ్బ తిన్న కాళికుప్పం అనే ఊరు. అక్కడ మిత్ర తన సిద్ధాంతం ఎక్కడ విరుగుతుందో చూడదలచినాడు. తమిళం మాత్రమే తెలిసిన పది నుండి పదునాలుగేండ్ల పిల్లలు. విషయం జీవకణంలోని డి.ఎన్.ఏ. తన ప్రతిని తాను ఎట్లు తయారుచేసుకొంటుందన్నది. సమాచారం అంతా ఇంగ్లీషులో. చెట్టుక్రింద కంప్యూటరు, చుట్టూ పిల్లలు. మొదటి పరీక్షలో వచ్చిన మార్కులు లెక్కకు రానివి. రెండునెలలు దాటిన తరువాత మిత్ర తిరిగిపోయి ఏమి అర్థమైనదని అడిగితే, ఏమీ కాలేదన్నారట. కొంచెం ఆగి ఒక బాలిక, ఆ పదార్థం సరిగా ప్రతి కాకపోతే జబ్బులు పుడతాయన్నది తప్ప మరేమీ అర్థం కాలేదని చెప్పినది. పరీక్షలో నూటికి సుమారు 30 మార్కులు వచ్చినవి.

ముప్పై చాలవు. అక్కడ జీవశాస్త్రం చెప్పగల పంతులు లేడు. ఒక సేవాసంస్థలో లెక్కలు చూచే ఇరువది రెండేండ్ల యువతి ఉన్నది; పిల్లలకు ఆమె స్నేహితురాలు. ఆమెకు డి.ఎన్.ఏ. సంగతి ఏమీ తెలియదు. ఆమెను మిత్ర కోరినది ఒక్కటే: పిల్లల వెనుక నిలబడి, 'అబ్బ! ఇది ఏమిటి? నాకు చెప్పు, మళ్ళీ చెప్పు, నీ వయస్సులో నాకు ఇది వచ్చేది కాదు' అని అమ్మమ్మవలె మెచ్చుకొంటూ ఉండుమని. రెండు నెలలు ఆమె అట్లాగే చేసినది. మార్కులు 50కి పెరిగినవి. ఢిల్లీలో పెద్ద ఫీజుల బడిలో, ఆ విషయం చదివిన ఉపాధ్యాయులు చెప్పగా నేర్చుకొన్న పిల్లలకు వచ్చినవి కూడ అంతే. 2010లో ఈ ఫలితాలను మిత్ర, రీతూ దంగ్వాల్ ప్రకటించినారు.

ఈ చరిత్ర అంతటిలో మలుపు ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. 1999లో చాటినది ఉపాధ్యాయుడు లేని బడి. 2007 నాటికి తేలినది వేరు: చెప్పేవాడు లేకపోయినా నడుస్తుంది గాని, వినేవాడు లేకపోతే సగంలో ఆగిపోతుంది. పత్రికలు మొదటి మాటనే పెద్ద అక్షరాలలో వేసినవి. రెండవ మాట అంతగా ప్రచారం పొందలేదు. యంత్రాలను అమ్మేవారికి అందులో లాభం లేదు.

2006లో మిత్ర న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరినాడు. ఇంటర్నెట్టు ద్వారా ముఖం చూచి మాట్లాడే సౌకర్యం వస్తే దేనికి వాడుకొంటారని ఆయన మన దేశంలోని పిల్లలను అడిగితే, ఇంగ్లండులోని అమ్మమ్మలచేత కథలు చెప్పించుకొంటామన్నారట. అందుకు తమ చేతిడబ్బులో నుండి వారానికి ఒక పౌను ఇవ్వగలమని లెక్క కూడ వేసి ఉంచుకొన్నారట. ఆ మాట 2009లో ఇంగ్లండు దినపత్రిక ఒకదానిలో వచ్చినది. రెండు వందలమంది దాకా ముందుకు వచ్చినారు. అందులో విశ్రాంతి తీసుకొన్న ఉపాధ్యాయినులు చాలామంది. ఆ అమ్మమ్మలు మొదట మాట్లాడినది హైదరాబాదు బడుల పిల్లలతోనే. పాఠం చెప్పడం వారి పని కాదు. కథ చదవడం, పాట పాడడం, పిల్లలు చూపినదానిని చూచి ఆశ్చర్యపడడం వారి పని.

2013లో మిత్రకు టెడ్ అనే అమెరికా సంస్థ పది లక్షల డాలర్ల బహుమానం ఇచ్చినది. ఆ డబ్బుతో ఏడు కేంద్రాలు పెట్టినారు: ఐదు మన దేశంలో, రెండు ఇంగ్లండులో. సుందరవనాల అంచున ఉన్న కోరాకాటి అనే పల్లెలో సౌరవిద్యుత్తు మీద నడిచే కేంద్రం వాటిలో ఒకటి. ఏడింటిలో మొట్టమొదట తెరచినది ఏదో చూడండి: కిల్లింగ్‌వర్తులో, జార్జి స్టీఫెన్‌సన్ పేరుమీద ఉన్న ఉన్నత పాఠశాలలో! తండ్రీ కొడుకులు ఒక పుస్తకం మీద తలలు చేర్చి ఎండగడియారం చేసిన ఊరిలోనే, రెండువందల ఏండ్ల తరువాత, కాల్కాజీ గోడలో పుట్టిన పద్ధతి పోయి వాలినది. బొగ్గుబాయిలు ఆ ప్రాంతంలో అప్పటికే మూతపడినవి. బెల్ కాలంలో మద్రాసు నుండి పోయినట్లే ఇప్పుడు కూడ మన దేశం నుండి ఒక పద్ధతి అక్కడికి పోయినది.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక రెండవవైపు చూడకుండా ఈ కథ ముగించడం న్యాయం కాదు. అమెరికా పండితుడు మార్క్ వార్షవర్ ఢిల్లీ గోడలను చూచి, ఇంటర్నెట్టు ఎక్కువకాలం పనిచేయలేదనీ, హిందీలో చదువదగినది లేదనీ, పిల్లలలో చాలామంది ఆటలతో, బొమ్మలు గీయడంతో ప్రొద్దుపుచ్చినారనీ 2003లో వ్రాసినాడు. పాయల్ అరోరా అనే పరిశోధకురాలు హిమాలయ ప్రాంతంలోని అల్మోరా, హవల్‌బాగ్‌లకు పోయి చూస్తే గోడలలోని యంత్రాలు ఎవరూ పట్టించుకోని స్థితిలో ఉన్నవి. ఆ సంగతి ఆమె 2010లో ప్రకటించినారు. చెడిపోతే బాగుచేసేవారు, పిల్లలను గురించి అడిగేవారు ఊరిలో లేనప్పుడు ఇనుపపెట్టె ఇనుపపెట్టెగానే మిగిలినది. ఇది ప్రయోగం ఓడిపోవడం కాదు. కాళికుప్పంలో తేలినదే వేరొక రూపంలో మళ్ళీ తేలినది.

రేడియో చరిత్ర ఎరిగినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. 1956లో పూనా పరిసరాలలోని ఐదు జిల్లాలలో యునెస్కో సహాయంతో రైతుల రేడియో సంఘాల ప్రయోగం జరిగినది. కొన్ని గ్రామాలలో రేడియోతో పాటు, విని చర్చించుకొనే రైతుల బృందం ఏర్పాటు చేసినారు. మరికొన్నింటిలో రేడియో ఉన్నది గాని బృందం లేదు. ప్రసారం ఒక్కటే, గంట ఒక్కటే. చర్చించిన ఊళ్ళలో విషయజ్ఞానం బాగా పెరిగినది. ఊరక విన్న ఊళ్ళలో అంత పెరగలేదు. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరం పాటు ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజను చూపినప్పుడు, మన ఆంధ్రప్రదేశ్ పల్లెపిల్లలు కూడ ఉదయంపూట ఒక్క పెట్టె ముందు కూర్చొని తెలుగులో చూచినారు. ఒక పెట్టె, ఒక ఊరు.

ఆ తరువాత పెట్టె చిన్నదైనది. చేతిలోకి, ఒక్కొక్కరి చేతిలోకి వచ్చినది. 2020 మార్చిలో మహమ్మారి కారణంగా తెలంగాణలో బడులు మూసినారు. సెప్టెంబరు 1వ తేదీ నుండి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో ప్రసారమైనవి. ప్రసారకుడిగా ఆ కృషిని తక్కువచేయను. బడి లేని కాలంలో అదే బడి. కాని ఆ పాఠం పైనుండి క్రిందికి వచ్చే పాఠం. పిల్లవాడు ఒంటరిగా గోడకు ఆనుకొని విన్నాడు. తప్పు సలహా చెప్పడానికైనా ప్రక్కన మరొకడు లేడు. ఆ ఏడాది పిల్లలు పోగొట్టుకొన్నది పాఠాలకంటె ఈ తప్పు సలహాలే ఎక్కువ అని నా అనుమానం.

కనుక మందమర్రి పెద్దమనిషికి నా జవాబు ఇది: నలుగురు ఒక ఫోను చుట్టూ చేరి వాదించుకొంటూ ఉంటే మాన్పించకండి. నలుగురికి నాలుగు ఫోనులు వచ్చి, నలుగురూ నాలుగు మూలల మాట లేకుండ కూర్చున్ననాడు బెంగపడండి. వారు చూచేది ఆటే కావచ్చును. కాల్కాజీలో కూడ ఆటతోనే మొదలైనది. ఆటనుండి ప్రశ్నకు తిప్పేది ప్రక్కన ఉన్న పెద్దవారు అడిగే మాట. ఆ మాటకు ఇంగ్లీషు అక్కరలేదు. కాల్కాజీ పిల్లలకు హిందీలో లేని సదుపాయం నేటి మన పిల్లలకు తెలుగులో కొంత ఉన్నది. తెలుగు వికీపీడియా అనే విజ్ఞానసర్వస్వం 2003 డిసెంబరులో పుట్టి, వ్రాయగలవారి స్వచ్ఛందసేవతోనే పెరుగుతూ వస్తున్నది.

'నాకు ఏమి తెలుసునని అడిగేది?' అని బాయిలో పనిచేసినవారు అనవచ్చును. బాయిలో మాత్రం ఎవరు ఒంటరిగా నేర్చుకొన్నారు? 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమాలు రాకముందు కూడ కొత్తవాడు పాతవాని వెంట దిగి, ఎక్కడ తల వంచవలెనో, ఏ చప్పుడుకు ఆగవలెనో చూచి నేర్చినాడు. ప్రశ్నలు అక్కడనే ఉన్నవి. బొగ్గులో ఆకుల అచ్చులు ఎందుకు ఉంటాయి? మూడవ షిఫ్టులో దిగినవారికి లోపల వేడిగా ఉండడం ఎందుకు? పైన విసనకర్ర యంత్రం ఆగిపోతే క్రింద ఏమవుతుంది? ఇట్టి ప్రశ్న ఒక్కటి నలుగురి మధ్య వేసి, జవాబు వెదికి తెచ్చినవరకు ఆగి, తెచ్చినప్పుడు 'మళ్ళీ చెప్పు' అంటే చాలును.

నేనైతే మొదట దీపం ప్రశ్న వేయిస్తాను. లోపల మంట మండుతూనే ఉండగా, చుట్టూ పేలుడు వాయువు ఉన్నా, బయట ఎందుకు అంటుకొనదు? సన్నని తీగల జల్లెడ మంటలోని వేడిని పీల్చి చెదరగొట్టుతుందన్న జవాబు పిల్లలు ఫోనులో చదివి చెప్పగలరు. కాని వత్తిని బాగా తగ్గించినప్పుడు మంట కొనమీద లేచే నీలపు టోపీ ఎంత ఎత్తు ఉంటే గాలిలో వాయువు నూటికి ఎంత ఉన్నదో, చీకటిలో దీపాన్ని మెల్లగా కప్పు దగ్గరకు ఎత్తి ఎట్లు చూడవలెనో చేతితో చూపగలవారు మందమర్రిలోనే ఉన్నారు. వారు ఆ పరీక్ష ప్యాసయి సర్దారు పని చేసినవారు.